కోతిపిల్లను పెంచుకుందామా?



వడియాలు ఆరబెట్టుకుని అలా లోపలికి వెళ్ళి వచ్చేసరికి చీర సగం ఖాళీ అయిపోయి ఉంటే, ఆ కోతుల్ని తిట్టుకోని ఇల్లాలు ఉండదు. సింహాచలంలో చేతిలోని కొబ్బరిచెక్క లాక్కుపోతే కాస్త నవ్వుకుంటాం, కాస్త భయపడతాం. కాని తల్లి పొట్టను కరుచుకుని బిక్కుబిక్కుమంటూ చూసే కోతిపిల్ల కంటపడిందంటే మాత్రం మనసు కరిగిపోతుంది. ఈవేళ నేను మాట్లాడబోయేది ఆ కరిగిపోయే మనసు గురించే.

ద్వారకా నగర్‌లో మా పక్కింటి అమ్మాయి సంగతి చెబుతాను. ఒకనాడు వాళ్ళాయన ఊరినుంచి వస్తూ గుప్పెడంత కోతిపిల్లను తువ్వాలులో చుట్టి తెచ్చాడు. తల్లి కరెంటు తీగ తగిలి చచ్చిపోయిందట. ఆ అమ్మాయి ఉగ్గుగిన్నెతో పాలు పట్టింది. బుజ్జి అని పేరు పెట్టింది. పాత గౌను కత్తిరించి తొడిగింది. వీధిలో పిల్లలంతా వాళ్ళింట్లోనే. "తల్లిలేని పిల్లకు తల్లివయ్యావమ్మా" అని మెచ్చుకుని అరటిపళ్ళు పట్టుకెళ్ళిన వాళ్ళలో నేనే మొదటిదాన్ని.

రెండేళ్ళు ముచ్చటగానే గడిచాయి. మూడో ఏడు వచ్చేసరికి బుజ్జి గుడ్లురమటం మొదలుపెట్టింది. ఒకరోజు చంటివాడు దాని చేతిలో బిస్కట్టు తీసుకోబోతే వేలు కొరికేసింది. వాడికి ఆస్పత్రిలో సూదులు, దానికి డాబామీద గొలుసు. నెల తిరక్కుండా మెడచుట్టూ పుండు పడింది. ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుని, "పిన్నిగారూ, కొట్టలేను, కట్టలేను, వదల్లేను. ఏం చెయ్యను?" అంది. నాకు జవాబు తోచలేదు. మొదటిరోజున చెప్పవలసిన మాట నేను చెప్పలేదు కదా!

బుజ్జి చెడిపోయిందా? లేదండీ, పెద్దదయింది, అంతే. కోతులు గుంపుగా బతికే జీవాలు. ఏది తినాలి, ఎవరికి తలవంచాలి, ఎవరిని బెదిరించాలి అన్న విద్యంతా పిల్లకు గుంపులోనే అబ్బుతుంది. మనం ముద్దుగా కళ్ళలోకి తేరిపార చూస్తే దాని భాషలో అది కయ్యానికి కాలుదువ్వటం. మూడు నాలుగేళ్ళకు ఈడు వస్తుంది. మగదానికి కోరలు బలుస్తాయి. కుక్కను మనిషి వేల ఏళ్ళుగా మచ్చిక చేసుకున్నాడు. కోతి విషయంలో అది జరగలేదు. మచ్చికైనట్టు కనపడేది పసితనం మాత్రమే.

జబ్బుల మాటా ఉంది. కోతి కరిస్తే రేబిస్ రావచ్చు. ఈ జాతి కోతుల లాలాజలంలో హెర్పిస్ బి అనే వైరస్ కూడా ఉండవచ్చు. అది మనిషికి సోకటం అరుదే గాని, సోకితే ప్రాణాంతకం. మన క్షయ దానికీ అంటుకుంటుంది. కోతి కరిచినా గీరినా వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటికింద పదిహేను నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్ళాలి. పసుపు అద్ది ఊరుకోకూడదు.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం. తలమీద జుట్టు టోపీలా ఉండి, పొడుగాటి తోక ఉన్న మన దక్షిణాది కోతి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో, 2022 సవరణ తరువాత, మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని పట్టటం నేరం. శిక్ష మూడేళ్ళకు తక్కువ కాకుండా ఏడేళ్ళదాకా జైలు, ఇరవై అయిదు వేలకు తక్కువ కాని జరిమానా. ఎర్రమూతి, పొట్టితోక ఉన్న ఉత్తరాది కోతిని అదే సవరణలో షెడ్యూళ్ళనుంచి తీసేశారు. "అయితే దాన్ని పెంచుకోవచ్చుగా?" అంటారేమో. జంతువులపట్ల క్రూరత్వాన్ని నివారించే 1960 నాటి చట్టం దానికీ వర్తిస్తుంది. పొట్టి గొలుసుతోనో బరువు గొలుసుతోనో గంటల తరబడి కట్టిపడెయ్యటం ఆ చట్టం కింద నేరమే. గొలుసు లేకుండా ఎదిగిన కోతిని ఇంట్లో ఉంచగల ఇల్లాలు ఎవరో చెప్పండి! మన చిన్నప్పుడు వీధిలో కోతిని ఆడించేవాళ్ళు వచ్చేవారు, గుర్తుందా? ఆ ఆటనూ కేంద్ర ప్రభుత్వం 1998లో నిషేధించింది. 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది.

"ప్రేమగా చూసుకునేవాళ్ళకు కూడానా ఈ చట్టం?" అని అడగవచ్చు. తమిళనాడులో ఒక పశువైద్యుడు కుక్కలు కరిచిన కోతిపిల్లకు పది నెలలు వైద్యం చేసి బతికించాడు. 2024లో అటవీశాఖవారు దాన్ని వండలూరు జూకి చేర్చారు. తనకు తిరిగి ఇప్పించమని ఆయన మద్రాసు హైకోర్టుకు వెళ్ళాడు. వెళ్ళి చూసిరావటానికి కోర్టు అనుమతించింది గాని, కోతిని ఆయనకు అప్పగించటానికి ఒప్పుకోలేదు. వింటే మనసు చివుక్కుమంటుంది. కాని ప్రాణం నిలబెట్టటం వేరు, సొంతం చేసుకోవటం వేరు. మొదటిది దయ. రెండోదానిలో మన ముచ్చటే ఎక్కువ.

మరి కోతిపిల్ల ఒంటరిగా కనిపిస్తే ఏం చెయ్యాలి? ముందు దూరంగా నిలబడి చూడండి. తల్లో, గుంపులో మరొకటో వచ్చి తీసుకుపోవచ్చు. దెబ్బ తగిలి ఉంటే ఉత్త చేతులతో ముట్టుకోకండి. గాలి ఆడే అట్టపెట్టెలో గుడ్డ వేసి ఉంచి, ఆ రోజే అటవీశాఖకు కబురు చెయ్యండి. ఫొటోలకని పిల్లల చేతికివ్వకండి. అన్నిటికన్న ముఖ్యం, పేరు పెట్టకండి. పేరు పెట్టిన తరువాత పంపించటం మన తరం కాదు.

బుజ్జిని చివరికి అటవీశాఖవారు తీసుకువెళ్ళారు. గుంపులో పెరగని కోతిని గుంపు అంత సులువుగా దగ్గరికి రానివ్వదని వాళ్ళు చెప్పారు. జీపు కదులుతుంటే అది మా పక్కింటి అమ్మాయి కొంగు పట్టుకుని వదల్లేదు. ఆ పట్టు దానికి నేర్పింది మేమే. మీరు నేర్పకండి.