బడిలో పుట్టిన సంస్కరణము

(పఠనమందిర వార్షికసభలో చేసిన ఉపన్యాసము)

 

విద్యాసంస్కరణమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని ఈ పఠనమందిర కార్యదర్శిగారు కోరినప్పుడు నేను సంకోచించితిని. నేను ఉపాధ్యాయుడను గాను. కచేరీలో వాదించుట నా వృత్తి. ఐనను న్యాయవాదికి ఒక అలవాటు గలదు. వ్యవహారములో అన్నియు తెలిసియుండియు ఎవరును బోనెక్కింపని సాక్షి యెవడా యని ఆతడు వెదకును. విద్యను గూర్చిన మన వ్యవహారములో అట్టి సాక్షి బడిపంతులు. ఆతనిపై అభియోగములు పెక్కు గలవు. ఆతని వాఙ్మూలము మాత్రము ఎవరును తీసికొనలేదు.

అభియోగము చిన్నది కాదు. దేశమందలి గ్రామములలో అయిదవ తరగతి పిల్లలలో సగమునకు మించి రెండవ తరగతి పాఠమును చదువలేకున్నారని 2022లో జరిగిన అసర్ పరిశీలన తేల్చినది. ఈ మాట విన్నంతనే మనలో కొందరు పంతులును తిట్టుదురు. కొందరు కొత్త పథకము కావలెనందురు. పథకములకు కొదువయా? 1952లో మొదలియారు సంఘము, 1964లో కొఠారీ సంఘము ఏర్పడినవి. 1986లో ఒక జాతీయవిధానము, 2020లో మరియొకటి వచ్చినవి. అన్నియు ఉపాధ్యాయుని పొగడినవే. కాని పొగడ్త యంతయు ఒకే తీరున నున్నది: ఎక్కడనో వండిన వంటను చల్లారకుండ వడ్డించు సమర్థుడే మంచి ఉపాధ్యాయుడట! వంటయింట ఆతనికేమైన పని గలదా యని అడిగినవారు తక్కువ.

నిజమైన సంస్కరణములు ఎక్కడ పుట్టినవో చూడుడు. దూరము పోనక్కరలేదు, మన శ్రీకాకుళసీమయే చాలును.

ముఖలింగమునకు సమీపమున పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారు జన్మించిరి. ఏటేట ఆనాడు తెలుగుభాషా దినోత్సవము జరిపి పూలమాలలు వేయుచున్నాము. భాషోద్ధారకుడని కీర్తింతుము గాని ఆయన బడిపంతులని మరతుము. 1880లో ఆయన పర్లాకిమిడిలో రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరిరి. ఉద్యోగము చేయుచునే సొంతముగా చదివి పట్టపరీక్షలో కృతార్థులైరి. ఊరిచుట్టు కొండలలో సవరలుండిరి. వారి బిడ్డలకు చదువు లేదు. చెప్పుదమన్న వారి భాషకు లిపి లేదు, వాచకము లేదు.

అప్పుడు పంతులుగారు చేసిన మొదటిపని బడి పెట్టుట కాదు, శిష్యరికము చేయుట. తెలుగు తెలిసిన సవరనొకని ఇంటికి రప్పించుకొని ఒక్కొక్క మాటనే అడిగి నేర్చుకొనిరి. కొండలలో తిరిగిరి. చలిజ్వరము పట్టుకొనెను. క్వినైను మ్రింగగా మ్రింగగా వినికిడి దెబ్బతినెను. చెవితో ఒక భాషను పట్టవలెనని బయలుదేరినవాడు చెవులనే వెలగా చెల్లించెను. సొంత సొమ్ముతో సవరలకు బడి నడిపిరి, వాచకములు వ్రాసిరి. మద్రాసు ప్రభుత్వమువారు వానిని అచ్చువేయించి పారితోషికమీయబోగా, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టుడని ఆయన చెప్పిరందురు. ఆయన సవర వ్యాకరణము 1931లో వెలువడెను. అప్పటికి ఆ పని మొదలై దశాబ్దములు గడిచినవి.

ఈ పనికి ఏ సంఘము సిఫారసు చేసినది? ఏ ఉత్తరువు వచ్చినది? ఎదుట కూర్చున్న పిల్లవానికి తన మాట తెలియలేదు, తనకు వాని మాట తెలియలేదు. ఇంతియే కారణము.

తెలుగు సంగతియు ఇట్టిదే. 1906 ప్రాంతమున ఉత్తరజిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్సుదొర బడులు చూచి, పిల్లలు మాటలాడు తెలుగునకును పుస్తకపు తెలుగునకును ఇంత యెడమేల యని అడిగెను. అది తరగతిగదిలో పుట్టిన ప్రశ్న. విశాఖపట్టణమున కళాశాల ప్రిన్సిపాలు పి. టి. శ్రీనివాస అయ్యంగారును, విజయనగరమున గురజాడ అప్పారావుగారును, పర్లాకిమిడిలో గిడుగువారును దానిని పట్టుకొనిరి. గురజాడవారును ఉపాధ్యాయులుగా పనిచేసినవారే. వారు మొదట కోరినది సాహిత్యవిప్లవము కాదు. పిల్లవాడు తనకు తెలిసిన తెలుగులో తన భావమును వ్రాయుటకు అనుమతి.

ఆ చిన్న కోరికకై ఎంత పోరు జరిగినదో మీకు తెలియును. 1914లో విశ్వవిద్యాలయ సంఘమున గురజాడవారు అసమ్మతిపత్రము వ్రాసిరి. అధికసంఖ్యాకుల మాటయే నెగ్గెను. మరుసటి సంవత్సరమే ఆయన గతించిరి. గిడుగువారు 1919లో 'తెలుగు' అను మాసపత్రికను వెలువరించి ఒంటిచేత పోరాటము సాగించిరి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా చిరకాలము నివసించిన ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. 1940లో కన్నుమూసిరి. పాఠ్యపుస్తకములలో వ్యవహారభాష నిలదొక్కుకొన్ననాటికి వారెవరును లేరు.

గిడుగువారిని గూర్చి చెప్పుచు ఇతడు గ్రాంథికము మాటలాడుచున్నాడేమని మీలో కొందరు నవ్వుకొనుచుందురు. ఆ నవ్వు న్యాయమే. ఈ మందిరములో పాతపత్రికలు చదివి పట్టుబడిన అలవాటిది. వేదికయెక్కినంతనే నోట నిలుచును. బడిపిల్లవానిపై దీనిని రుద్దకుండిన చాలును.

ఇక ఎదిరిపక్షపు వాదమును దాచుట న్యాయవాదికి తగదు. నాడు సంస్కరణమును ఎదిరించినవారిలోను తెలుగుపండితులుండిరి, వారును ఉపాధ్యాయులే. కావున ఉపాధ్యాయులందరును సంస్కర్తలని నేననను. పాఠము చెప్పనివారును, బడికి రానివారును నేడు లేకపోలేదు. ఆ పండితులు దుష్టులా? కారు. తాము ప్రేమించిన భాష చెడిపోవునను భయము వారిది. కాని వారి చూపు పుస్తకముపై నిలిచినది. వీరి చూపు పిల్లవానిపై నిలిచినది. భేదమంతయు అంతలోనే యున్నది. తన శిష్యునినుండి నేర్చుకొనగలవాడే విద్యను మార్చగలవాడు.

ఈ సంగతి నేను పుస్తకములలో నేర్వలేదు; సిగ్గుపడి నేర్చుకొంటిని. కొన్నియేండ్ల క్రిందట మా స్వచ్ఛందసేవకులము బడులను పరిశీలింప బయలుదేరితిమి. అందుకొక పట్టిక తయారుచేసినవాడను నేనే. పదునాలుగు గడులు. సీతంపేట కొండల దిగువ నొక చిన్న పల్లెలో అయిదు తరగతులకును ఆనాడు ఒక్కడే ఉపాధ్యాయుడు. రెండవ ఉపాధ్యాయుడు ఏదో శిక్షణకు పోయియుండెను. నేను పట్టిక చేతికిచ్చి, "మాస్టారూ, పది నిమిషాల పని" అంటిని. ఆయన దానిని చదివి, ఒక పిల్లవానిని దగ్గరకు పిలిచి, నాతో ఇట్లనిరి:

"ప్లీడరు గారూ, ఇందులో చదవగలడు, చదవలేడు అని రెండే గళ్లున్నాయి. ఈ పిల్లాడు ఇంట్లో మాట్లాడేది సవర. బడిలో నేను చెప్పేది తెలుగు. వాడికి చదువు రాదని రాయమంటారా, వాడి మాట నాకు రాదని రాయమంటారా? రెండోదానికి మీ కాగితంలో గడి లేదండి."

నాకు ప్రత్యుత్తరము తోచలేదు. ఇరువదియేండ్ల వకాల్తాలో నాకు అట్టి ప్రశ్న ఎదురుకాలేదు. పిదప ఆయన బల్లసొరుగునుండి ఒక నోటుబుక్కు తీసి చూపిరి. పిల్లలనడిగి వ్రాసికొనిన సవరమాటలు, ప్రక్కన తెలుగు. ఏ పై అధికారియు ఆ పుస్తకమును అడుగలేదు. పంపవలసిన లెక్కలలో దానికి స్థానము లేదు.

గిడుగువారి శిష్యరికమునకు నూరేండ్ల తరువాత, 2004 ప్రాంతమున, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సవరతో కూడ ఎనిమిది గిరిజనభాషలలో చిన్నతరగతుల బోధనకు పూనుకొనినది. సంతోషమే. కాని వాచకము అచ్చువేసిన మాత్రమున పని ముగియదు. ఆ మాట చెవికెక్కించుకొనుటకు పంతులునకు తీరిక కావలెను, గౌరవము కావలెను. ఆ రెంటిని మనము దోచుకొనుచున్నాము. పట్టిక పట్టుకొని పోయిన నేనును దోచినవాడనే.

చట్టము మనవైపే యున్నది. 2009 నాటి విద్యాహక్కుచట్టములో 27వ సెక్షను చూడుడు. జనాభా లెక్కలు, విపత్తులయందు సహాయము, ఎన్నికలు తప్ప విద్యేతరకార్యములకు ఉపాధ్యాయుని వినియోగింపరాదు. 29వ సెక్షను సాధ్యమైనంతవరకు పిల్లవాని మాతృభాషలోనే బోధింపవలెననును. 21వ సెక్షను ప్రకారము బడి యాజమాన్యసంఘములో కనీసము నాలుగింట మూడువంతులు, అనగా నూటికి డెబ్బదియైదుగురు, తలిదండ్రులే యుండవలెను. ఈ సంఘములు మన ఊళ్లలోను గలవు. వానిలో ఎన్ని, ఉపాధ్యాయుని కూర్చుండబెట్టి, "మాస్టారూ, మీకేమి అడ్డము వచ్చుచున్నది?" అని అడిగినవి?

కావున ఈ సభకు నా మనవి మూడు మాటలు. ఒకటి: ప్రతి బడిసంఘ సమావేశములోను మొదటి అరగంట ఉపాధ్యాయుడు మాటలాడవలెను, మనము వినవలెను. రెండు: చట్టమునకు విరుద్ధమైన పనులు ఆతనిపై మోపినచో కాగితము మాకీయుడు, రుసుము లేకుండ అర్జీ వ్రాసి పోరాడుటకు నేనును, నా మిత్రులు కొందరును సిద్ధముగా నున్నాము. మూడు: ఆ మాస్టారి నోటుబుక్కువంటివి ఇంకను ఎక్కడెక్కడ సొరుగులలో నున్నవో వెదకి, వారి అనుమతితో ప్రతులు తీయించి, ఈ పఠనమందిరములో భద్రపరచి, ఇతర బడులకు పంపుదము. రాబోవు సంస్కరణము ఢిల్లీలోగాని అమరావతిలోగాని లేదు. అట్టి సొరుగులలో నున్నది.

ఆగస్టు 29న మరల గిడుగువారి పటమునకు మాల వేయుదుము. ఆ మాలకు పెట్టు వ్యయములో సగము తగ్గించి, ఆ కొండదిగువ బడికి కొన్ని నోటుబుక్కులు పంపుదమని ప్రతిపాదించుచున్నాను. పంతులుగారు చెవులు చెల్లించి కొనిన విద్యకు మనము ఆ మాత్రము ఋణపడి యున్నాము.