పెద్దవారు పడితే ముందు కాళ్లు చూడండి



మీ ఇంట్లో అత్తగారో, అమ్మగారో, డెబ్భై దాటిన పెద్దవారెవరైనా ఉంటే ఈ వేళ నేను చెప్పబోయే సంగతి మీకోసమే. ఇది కరోనా రోజుల్లో మా ఇంట్లో జరిగింది. ఆ జబ్బు తాలూకు అత్యవసర పరిస్థితి తీరిపోయిందని 2023 మే నెలలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది కదా, ఇప్పుడెందుకీ పాత కథ అంటారేమో. కరోనా తగ్గింది గాని పెద్దవాళ్లు పడడం తగ్గలేదమ్మా! మేము చేసిన పొరపాటు కూడా ఇంకా ఎన్నో ఇళ్లల్లో జరుగుతూనే ఉంది.

అది 2020 జూలై. విజయవాడలో మా వీధి చివర వెదుళ్లు అడ్డం కట్టి రాకపోకలు ఆపేశారు. కూరగాయలు గేటు దగ్గరే బుట్టలో వేయించుకుని, ఉప్పునీళ్లలో కడిగి లోపలికి తెచ్చుకునేవాళ్లం. మా అత్తగారికి అప్పటికి డెబ్భై ఎనిమిదేళ్లు. అంతకు ముందు రోజూ ఉదయం నడిచి గుడికి వెళ్లి, దారిలో నలుగురినీ పలకరించి, ఎండెక్కాక ఇల్లు చేరేవారు. మార్చిలో లాక్‌డౌను పెట్టినది మొదలు ఆవిడ గడప దాటలేదు. పెద్దవాళ్లను బయటికి పంపవద్దని చెప్పారు, మేము పంపలేదు. మంచి పనే చేశామనుకున్నాం. ఆ నాలుగు నెలల్లో ఆవిడ కాళ్లలో సత్తువ ఎంత పోయిందో, ఒంటికి ఎండ ఎన్నాళ్లుగా తగల్లేదో మాకెవరికీ తట్టలేదు.

ఒక తెల్లవారుజామున బాత్‌రూముకని లేచి, చీర కుచ్చిళ్లు కాలికింద పడి, మంచం పక్కనే కూలబడ్డారు. మెట్లమీంచి దొర్లడం గాని, నీళ్లలో జారడం గాని కాదు. "ఏం కాలేదే, నడుం పట్టేసింది" అన్నారు. ఇద్దరం పట్టుకుని మంచం మీద పడుకోబెట్టాం. కాలు కదిపితే మాత్రం కేక పెడుతున్నారు.

మూడు రోజులు గడిచాయి. నువ్వుల నూనె కాచి రాశాను, ఇసుకమూటతో కాపడం పెట్టాను. "ఇప్పుడు ఆస్పత్రికి తీసికెళితే నొప్పి సంగతి దేవుడెరుగు, కరోనా అంటించుకుని వస్తుంది" అన్నారు మా వారు. నిజం చెప్పవద్దూ, ఆయనకన్నా నాకే ఎక్కువ భయం. వెనక వీధిలో ఆస్పత్రికి వెళ్లిన పెద్దాయన తిరిగి రాలేదు. పక్కింటావిడ గేటు అవతల నిలబడి, తిరుపతి దగ్గర పుత్తూరు కట్టు గురించి చెప్పి, దారులు తెరిచాక తీసుకువెళ్లమన్నారు. సరే చూద్దాంలే అనుకున్నాం.

మూడోనాడు సాయంత్రం మా ఆడపడుచు కూతురు ఫోను చేసింది. ఆ అమ్మాయి ఎముకల డాక్టరు. "అత్తయ్యా, అమ్మమ్మ కాళ్లు రెండూ పక్కపక్కన చాపి చూడు. ఒకటి పొట్టిగా ఉందా? పాదం ఎటు తిరిగి ఉంది?" అని అడిగింది. దుప్పటి తీసి చూద్దును గదా, కుడికాలు ఎడమకాలికన్నా అంగుళం పొట్టిగా ఉంది. పాదం బయటివైపుకి వాలిపోయింది. మూడు రోజులు నూనె రాసిన చేతులివే, ఆ తేడా మాత్రం నా కంటబడలేదు. "అది నడుం కాదు, తుంటి విరిగింది. ఇప్పుడే బయల్దేరండి" అంది.

ఆ తరువాత ఆ అమ్మాయి నాకు విడమరచి చెప్పిన సంగతి మీకూ చెబుతాను. తొడ ఎముక పైకొస బంతిలా ఉండి, తుంటి దగ్గర గిన్నెలాంటి గుంటలో తిరుగుతూ ఉంటుంది. బంతికి కింద సన్నటి మెడ. బంతికి అందే రక్తం చాలావరకు ఆ మెడ వెంబడే పోవాలి. మెడ విరిగి పక్కకు జరిగితే ఆ దారి తెగిపోతుంది. ఇక పైన ఏ కట్టు కట్టినా, ఎన్నాళ్లు కట్టినా అది సరిగా అతకదు. చేతి ఎముకకి కట్టు కట్టించుకుని బాగుపడినవాళ్లున్నారు, నేను కాదనను. తుంటి సంగతి వేరు. అంచేత పెద్ద వయసువారికి విరిగిన బంతిని తీసేసి లోహపు బంతి అమరుస్తారు. మెడకి కాస్త దిగువన విరిగితే రక్తానికి లోటుండదు గనక, లోపల కడ్డీ, మరలు వేసి బిగిస్తారు. మా అత్తగారిది ఈ రెండో రకం.

"అయితే పడుకోబెడితే అదే అతుక్కుంటుందిగా!" అన్నారు మా వారు. అతుక్కోవచ్చు, వంకరగానో పొట్టిగానో. కాని అందుకు రెండు మూడు నెలలు మంచం మీద కదలకుండా ఉండాలి. ఆ వయసులో అన్నాళ్లు పడుకుంటే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకడుతుంది, వీపున పుళ్లు పడతాయి. మనుషులు పోయేది చాలావరకు వీటివల్లనే. ఆపరేషను చేసేది ఎముక కోసమే కాదు, మనిషిని మర్నాడు లేపి కూర్చోబెట్టడానికి కూడానన్నమాట. అందుకే, కరోనా రోజుల్లో మోకాళ్ల మార్పిడివంటి ఆపరేషన్లు నెలల తరబడి వాయిదా వేసినా, తుంటి విరిగినవాళ్లకి మాత్రం ఆపలేదు. కరోనా ఉన్నవాళ్లకి కూడా, ఒంటి పరిస్థితి తట్టుకునేలా ఉంటే, వీలైనచోట నడుం దగ్గర మత్తు సూది ఇచ్చి చేశారు. లేచి కూర్చుంటేనే గదా ఊపిరి బాగా ఆడేది!

అలాగని మా భయం ఉత్తిదని నేను అనను. స్కాట్లండ్‌లో 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో లెక్క చూస్తే, తుంటి విరిగి కరోనా కూడా ఉన్నవాళ్లలో దాదాపు మూడో వంతు మంది నెల తిరక్కుండా పోయారు. కరోనా లేనివాళ్లలో పోయినవారు పదిమందికి ఒక్కరికన్నా తక్కువ. భయపడవలసిందే. కాని ఆ భయంతో మాస్కు కట్టాలి, మనుషుల్ని తగ్గించాలి. మేము ఆవిడకి వైద్యమే మానిపించాం.

ఇక త్వరపడితే ఏమిటి లాభం? 2020 ఫిబ్రవరిలో లాన్సెట్ అనే వైద్యపత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 17 దేశాల్లో, మన దేశంలో కూడా, దాదాపు 3,000 మందిని చూశారు. జబ్బు తేలిన ఆరు గంటలకే ఆపరేషను చేసినవారికీ, మామూలుగా ఒక రోజుకి చేసినవారికీ చావుల్లో తేడా పెద్దగా కనబడలేదు. కాని త్వరగా చేసినవాళ్లు మతి తప్పి మాట్లాడడం తక్కువ, లేచి నిలబడడం త్వరగా. అక్కడ తేడా గంటల్లో అమ్మా! మేము రోజులు పోగొట్టుకున్నాం.

108 బండి వచ్చింది. దుప్పటితో సహా నలుగురూ ఎత్తారు. ఆస్పత్రిలో కరోనా పరీక్ష ఫలితం రావడానికి మరో రోజు పట్టింది. గుండెకోసం వేసుకునే మాత్ర రక్తాన్ని పలచన చేసేదట, చీటీ ఇంట్లో మర్చిపోయాం, ఆ పేరు తేల్చుకునేసరికి ఇంకాస్త ఆలస్యం. పడిన ఆరోనాడు ఆపరేషను అయింది. నర్సులందరూ తలనుంచి పాదాలదాకా తెల్లటి తొడుగుల్లో ఉన్నారు. మా అత్తగారికి వినికిడి తక్కువ, ఎదుటివారి పెదవులు చూసి మాట పోల్చుకునే అలవాటు. మాస్కు వెనక పెదవులు కనబడవు, చెవి మిషను ఇంట్లో ఉండిపోయింది. రెండు రాత్రులు ఎప్పుడో పోయిన మామగారిని పిలుస్తూ, సెలైను పీకేశారు. మిషను తెప్పించి పెట్టి, కళ్లద్దాలు తగిలించాక నన్ను గుర్తుపట్టారు.

అంచేత నేను కోరేదేమిటంటే, మీ ఇంట పెద్దవారు పడి గజ్జలోనో తుంటిలోనో నొప్పి అంటే నడిపించకండి, రుద్దకండి. కాళ్లు చూడండి. ఎముక చిట్లి పక్కకి జరగకపోతే కాలు మామూలుగానే కనబడుతుంది, రెండడుగులు వేసేవాళ్లు కూడా ఉన్నారు. అయినా సరే, ఎక్స్‌రే తీయించేదాకా నమ్మకండి. మందుల చీటీ, కళ్లద్దాలు, చెవి మిషను ఒక సంచిలో వేసుకునే బయల్దేరండి. ఇంటికి వచ్చాక ఎముకల బలానికి మందు వాడవలసి ఉంటుందేమో డాక్టరుగారిని అడగండి. ముట్లుడిగాక ఆడవాళ్ల ఎముకలు గుల్లబారడం ఎక్కువ, ఒకసారి విరిగినవారికి రెండోసారీ విరిగే ప్రమాదముంది. రాత్రి చిన్న దీపం, బాత్‌రూములో పట్టుకోవడానికి కడ్డీ, పాదం తగలకుండా కాస్త ఎత్తుగా కట్టిన చీర, ఇవి మీకు చెప్పనక్కరలేదు. నాకూ తెలుసు అప్పుడు.

ఆపరేషను మర్నాడే వాకరు పట్టించి నిలబెట్టారు. ఎనిమిదో రోజున ఇంటికి పంపారు. ఎముక బాగానే అతికింది. వీపు కింద పుండు మానడానికి మాత్రం రెండు నెలలు పట్టింది. అది ఆస్పత్రిలో పడ్డ పుండు కాదు. ఆ మూడు రోజుల్లో మా ఇంట్లో, మా మంచం మీద మొదలైంది. రోజూ దానికి కట్టు మారుస్తూ ఉంటే ఆవిడ పళ్లబిగువున పడుకునేవారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించేది.

ఇప్పుడు ఆవిడకి ఎనభై దాటాయి. గుడికి నడిచి వెళ్లడం మళ్లీ కుదరలేదు. వాకరు పట్టుకుని వరండాదాకా వస్తారు. పొద్దున ఎండ కాళ్లమీద పడేలా నేను కుర్చీ వేస్తాను, దారినపోయేవాళ్లను అక్కణ్ణించే పలకరిస్తారు. నేనింకా రాలేదేమని ఈపాటికి చూస్తూ ఉంటారు. సెలవు.