భరణపు వ్యాజ్యములో రాబడి లెక్క

నెల జీతగాని సంపాదన ఒక్క కాగితముతో తేలిపోవును. మిరప రైతు రాబడి గాని, వేటకు పోవువాని రాబడి గాని అట్లు తేలునది కాదు. మన గుంటూరు, ప్రకాశం మైదానములలో మిరపకాయలు కల్లములో ఎండి, టిక్కీలకెక్కి, ధర వచ్చువరకు శీతల గిడ్డంగిలో నిలువయుండును. చీరాల చెంతనున్న వాడరేవులో చేపలు అమ్ముడైన పిమ్మట ఆ సొమ్ము పడవకింత, వలకింత, మనిషికింత అని వాటాలగును. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పు తీరమున మరపడవల వేటకు నిషేధము. ఆ 61 దినములు ఆ రాబడియు లేదు.

ఇట్టి ఇంట భార్యాభర్తలు విడిపోయి, భార్య తనకును బిడ్డలకును భరణము కోరినచో ఏమగును? తనకేమియు లేదని భర్త అనును. చాల ఉన్నదని భార్య అనును. రెంటి నడుమ న్యాయాధిపతి ఊహకు పని పడును. ఊహ తప్పినచో పస్తులుండునది బిడ్డలే గదా!

ఈ చిక్కు తీర్చుటకై 2020 నవంబరు 4వ తేదీన సుప్రీం కోర్టు న్యాయమూర్తులు ఇందూ మల్హోత్రా, ఆర్. సుభాష్ రెడ్డి గార్లు ఒక తీర్పు నిచ్చిరి. భరణపు వ్యాజ్యములో ఉభయులును తమ ఆస్తులను, అప్పులను ప్రమాణపత్రముపై వ్రాసి దాఖలు చేయవలెను. అర్జీదారు అర్జీతోనే ఈయవలెను. ప్రతివాది నాలుగు వారములలోగా జవాబుతో ఈయవలెను. వ్యవసాయదారులకు ప్రత్యేకముగా ఒక నమూనా కలదు. పొలమెంత, మెట్టయా మాగాణియా, ఏ పంట వేసిరి, గడచిన మూడేండ్ల రాబడి యెంత, కౌలు ఉన్నదా, పశువులెన్ని, పొలముపై అప్పెంత అని అందు అడుగుదురు. వ్యాపారము చేయువారు అందులో తమ వాటాను చూపవలెను. కావున గిడ్డంగిలోని టిక్కీలకు, పడవలోని వాటాకు కూడ లెక్క చెప్పక తప్పదు.

ఇది భార్య పక్షమున మాత్రమే పనిచేయు నియమమని మనము తలంపరాదు. పంట పోయి అప్పులపాలైన రైతు ఆ అప్పును గూడ ఇందే చూపుకొనవచ్చును. నిజము చెప్పిన వానికిది రక్ష. బొంకిన వానిపై అబద్ధ ప్రమాణమునకు చర్య తీసికొనవచ్చును. భరణము అర్జీ వేసిన తేదీ నుండియే లెక్కకు వచ్చును గనుక, జాప్యము చేసినవానికి లాభము లేదు.

అయినను నియమము తనంతట తాను నడువదు. అది సరిగా అమలు కాకుండుట గమనించి 2023లో సుప్రీం కోర్టు క్రింది కోర్టులకు మరల జ్ఞాపకము చేయవలసివచ్చినది. ప్రమాణపత్రము దాఖలు కానిచో దానిని కోరవలెను. ఎదుటివారి పత్రముపై అనుమానమున్నచో, ప్రశ్నలు వేయుటకును కాగితములు తెప్పించుటకును కోర్టు అనుమతి వేడవచ్చును. ఏ గిడ్డంగిలో సరుకున్నది, ఏ పడవలో వాటా ఉన్నది అను గురుతులు ఆనాడు అక్కరకు వచ్చును.

వకీలుకు రుసుము లేదని స్త్రీలు వెనుదీయ నక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద, ఆదాయముతో నిమిత్తము లేకుండ, స్త్రీలకు ఉచిత న్యాయసహాయము కలదు. టెలిఫోను సంఖ్య 15100. ఇంటి రాబడి, అప్పు దంపతులిద్దరికిని తెలిసియుండుట కాపురము సాగునప్పుడును మేలే. కాపురము చెడినప్పుడు బిడ్డల అన్నమునకు అదియే ఆధారమని మా మనవి.