దీపం ఆరితే పని అయినట్టు కాదు
(పాతబస్తీ శాలిబండలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వాయిస్ మెయిల్ సర్వరు "సేవ అందడం లేదు" అని హెచ్చరిక పంపితే ఏం చేయాలన్నది నాకిచ్చిన అంశం. ఇది ఉద్యోగుల గొడవ, మనకెందుకని ఇంట్లోవాళ్లు అనుకోవద్దు. మీకు పనికొచ్చే మాట కూడా ఇందులో ఉంది. చివర మనవి చేస్తాను.

స్ట్రోజర్ ఎక్స్చేంజీల్లో పనిచేసినవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. ఫ్యూజు పోతే గంట మోగేది, వరస చివర దీపం వెలిగేది. ఆ దీపం వెంట వెళితే ఏ ర్యాకులో లోపమో తెలిసేది. తర్వాత ఎలక్ట్రానిక్ ఎక్స్చేంజీలు వచ్చాయి. 1965లో అమెరికాలో అటువంటి ఎక్స్చేంజీని ప్రారంభించినప్పుడు, 40 ఏళ్లలో 2 గంటలకు మించి ఆగకూడదని లక్ష్యం పెట్టుకున్నారు. 99 శాతం పనిచేస్తుందంటే మనకు గొప్పగానే వినిపిస్తుంది. లెక్క వేస్తే ఏడాదికి మూడున్నర రోజులకు పైగా మూగబోయినట్టే!

మన దేశంలో వాయిస్ మెయిల్ వంటి సేవల్లోకి 1992 జూలైలో ప్రైవేటువారిని అనుమతించారు. పాతబస్తీలో ఈ సేవ విలువ వేరు. ఇక్కడ ఎన్నో ఇళ్లలో కొడుకో అల్లుడో జెద్దాలోనో కువైట్‌లోనో ఉంటారు. అతను డ్యూటీ దిగి ఫోన్ చేసే వేళకు ఇక్కడ తల్లి నిద్రపోయి ఉంటుంది. అతని మాటను యంత్రం పట్టి ఉంచి, పొద్దున ఆమెకు వినిపించాలి. సేవ అంటే అంతే.

నేను కొంతకాలం అటువంటి సర్వరు ఉన్నచోట పనిచేశాను. అక్కడ రెండు రకాల తిప్పలు చూశాం.

మొదటిది, రోజూ రాత్రి ఒకే వేళకు హెచ్చరిక వచ్చేది, కాసేపటికి దానంతటదే పోయేది. వెళ్లి చూస్తే అంతా బాగుండేది. "ఇది ఉత్తుత్తి గంట, ఆపేద్దాం" అన్నారు కొందరు. ఆపలేదు. వేళలు రాసి చూస్తే కారణం దొరికింది. ఆ సమయంలోనే రోజువారీ నకలు తీసే పని నడిచేది. దాంతో డిస్కు మందగించేది. జవాబు కాస్త ఆలస్యమైతే చాలు, కాపలా ప్రోగ్రాము సేవ ఆగిందని కేక వేసేది. నకలు తీసే వేళ మార్చి, ఎదురుచూసే వ్యవధి కొద్దిగా పెంచాం. గంట ఆగింది. ఆ గంటనే ఆపేసి ఉంటే నిజంగా ఆగిన రోజున మాకు చెప్పేవారు ఉండరు.

రెండోది ఇంకా ప్రమాదం. హెచ్చరికే లేదు, దీపాలన్నీ పచ్చగా ఉన్నాయి. చందాదారులు మాత్రం మాటలు నిలవడం లేదని ఫిర్యాదు చేస్తున్నారు. కుదించకుండా దాస్తే ఒక నిమిషం మాటకు 480 కిలోబైట్లు పడుతుంది. పాత సందేశాలు తీసేయక డిస్కు నిండిపోయింది. యంత్రం ఫోన్ ఎత్తుతోంది, పలకరిస్తోంది, చెప్పిన మాట మాత్రం దాచడం లేదు. కాపలా ప్రోగ్రాము ఫోన్ ఎత్తిందా లేదా అన్నదే చూసేది. ఆ తర్వాత పరీక్ష మార్చారు: బయటి లైను నుంచి ఫోన్ చేసి, ఒక మాట చెప్పి, దాన్నే తిరిగి వినాలి.

కాబట్టి నేను పాటించిన వరస ఇది. ముందు బయటి ఫోను నుంచి చందాదారుడిలా మనమే చేసి చూడాలి. తర్వాత కరెంటు, బ్యాటరీలు. తర్వాత ఎక్స్చేంజీ నుంచి వచ్చే లైను. ఒక్క లైను మీద 30 మాటలు నడుస్తాయి గనుక అది పోతే 30 దారులూ మూసుకుంటాయి. ఆపైన డిస్కులో చోటు, చివరికి ప్రోగ్రాములు. యంత్రాన్ని ఆపి మళ్లీ వేయడం ఆఖరి మాట. అదీ లాగ్ భద్రం చేశాకే. లేకపోతే రోగం తగ్గినట్టే ఉంటుంది, కారణం మాత్రం దొరకదు.

ఇక మీకు చెప్పవలసిన మాట. 2014 నవంబరు నుంచి మనకు జీవన్ ప్రమాణ్ వచ్చింది. వేలిముద్ర పడింది, ఫోనుకు నంబరు వచ్చింది, పని అయిపోయిందని ఇంటికి వచ్చేస్తాం. అది మనం పంపినట్టు మాత్రమే. పింఛను ఇచ్చేవారు దాన్ని అంగీకరించారో తిరస్కరించారో వేరుగా చూసుకోవాలి. చేతకాకపోతే మనవళ్లను అడగండి, బ్యాంకులో అడగండి. అలాగే ఏ ఫోను సేవైనా "అందుబాటులో లేదు" అంటే ఊరికే పెట్టేయకండి. తేదీ, వేళ, చేసిన నంబరు, వినిపించిన మాటలు రాసుకోండి. ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోండి. "పొద్దున్నుంచి పనిచేయడం లేదు" అంటే అవతలివాడికి దారి దొరకదు. "10 గంటల 20 నిమిషాలకు, ఫలానా మీట నొక్కాక ఆగింది" అంటే సగం పని మీరే చేసినట్టు.

అవతలి మనిషికి అందిందా లేదా అని కనుక్కున్నాకే మన పని ముగిసినట్టు.