ఐదు టిక్కెట్లు

(స్వర్ణోత్సవ సభలో 1989 బ్యాచ్ తరఫున చేసిన ప్రసంగం)



బ్యాచ్‌కి ఒకరు చొప్పున పది నిమిషాలు మాట్లాడాలని కార్యదర్శి గారు చెప్పారు. నాకు ముందు మాట్లాడినవాళ్ళు అమెరికా గురించీ, ప్రమోషన్ల గురించీ, పాత హెడ్మాస్టారి బెత్తం గురించీ చెప్పారు. నేనొక కచేరీ గురించి చెబుతాను. కచేరీ అంటే త్యాగరాజ ఆరాధన అనుకునేరు. గిటార్లు, డ్రమ్ములు, రెండు గంటలు నిలబడి వినడం. రాక్ కచేరీ. ముందు వరసలో లెక్కల మాస్టారు నవ్వుతున్నారు. నవ్వండి మాస్టారూ, మీ ప్రస్తావన కూడా వస్తుంది.

మేం వెనక బెంచీలో ఐదుగురం. ఐదోవాణ్ణి అందరం డోలు అనేవాళ్ళం. మా బ్యాచ్‌లో ఎవరినడిగినా ఆ పేరే చెబుతారు. వాడి చేతులు ఊరుకునేవి కావు. బల్ల మీద వేళ్ళు, జామెట్రీ బాక్సు మూత మీద పెన్సిలు. లెక్కల క్లాసులో వాణ్ణి ఎన్నిసార్లు బయట నిలబెట్టారో లెక్క లేదు. బయట నిలబెడితే కిటికీ ఊచల మీద వాయించేవాడు. వార్షికోత్సవం రోజు డోలక్ వాయించే ఆయన రాకపోతే, ఇదే మాస్టారు ఆ డోలక్ తెచ్చి వాడి ఒళ్ళో పెట్టారు. ఆ సాయంత్రం వాడు వాయించింది విన్నవాళ్ళు ఈ సభలో చాలామంది ఉన్నారు.

తరవాత వాడు ఇరిగేషన్‌లో చేరాడు. డోలక్ మళ్ళీ ముట్టుకోలేదు. స్టీరింగు మీదా, టీ గ్లాసు మీదా మాత్రం సాగుతూనే ఉండేది. ఏటా కనుమ నాడు ఎవరో ఒకరి ఇంట్లో ఐదుగురం కలిసేవాళ్ళం. 2021 మేలో కోవిడ్ వాణ్ణి తీసుకుపోయింది. ఆ రోజుల్లో ఎవరినీ దగ్గరకి రానివ్వలేదు కదా, దహనం ఫోన్లో చూశాం. తరవాతి కనుమకి ఎవరూ ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. ఆ పై ఏడూ అంతే. గొడవేమీ లేదు. మా వాట్సాప్ గ్రూపులోంచి వాడి నంబరు తియ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఆ గ్రూపులో మాట్లాడటానికి నోరూ రాలేదు.

రెండేళ్ళ కిందట డిసెంబరులో వాడి కూతురు ఫోన్ చేసింది. హైదరాబాదులో బి.టెక్., కాలేజీ బ్యాండులో డ్రమ్స్ వాయిస్తుంది. "బాబాయ్, ఇండియన్ ఓషన్ కచేరీకి ఐదు టిక్కెట్లు కొన్నాను. మీ నలుగురూ, నేనూ. రాలేమని చెప్పకండి, డబ్బులు వెనక్కివ్వరు" అంది. నలుగురికీ విడివిడిగా చేసి ఇదే మాట చెప్పిందట. ఒకడు తెనాలి నుంచీ, ఒకడు ఒంగోలు నుంచీ బయల్దేరాడు.

ఈ ఇండియన్ ఓషన్ ఎవరంటే, 1990లో ఢిల్లీలో మొదలైన బృందం. ఇండీ అంటున్నారు ఇప్పుడు. సినిమా కోసం కాకుండా, ఎవరి ఆర్డరు మీదా కాకుండా తమ పాట తాము కట్టుకుని పాడుకోవడం అన్నమాట. మన తెలుగువాళ్ళకి పాటంటే సినిమా పాటే అని కుర్రకారు వేళాకోళం చేస్తారు గానీ, విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనితో నిద్ర లేచిన మన తరానికి ఆ మాట వర్తించదు. రజనీకాంతరావు గారి లలిత గీతాలు వినడానికి మనం ఏ సినిమా హాలుకి వెళ్ళాం?

కచేరీ గచ్చిబౌలి వైపు ఓ ఖాళీ స్థలంలో. గేటు దగ్గర చేతికి కాగితం పట్టీ కట్టారు. మంచినీళ్ళ సీసాలు లాక్కున్నారు, లోపల కొనుక్కోవాలట. అమ్మాయి మా నలుగురికీ చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిరడాలు పంచింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా మా పిల్లల ఈడు. కుర్చీల్లేవు. తెనాలి వాడు మోకాళ్ళ గురించి గొణుగుతూనే ఉన్నాడు, మొదటి పాట మొదలయ్యేదాకా.

రాక్ అంటే మేమనుకున్న గోల వేరు. ఇక్కడ డ్రమ్స్ పక్కనే తబలా ఉంది. బేస్ గిటారు దెబ్బ చెవికి కాదు, పక్కటెముకలకి వినిపిస్తుంది. అది వాయించే రాహుల్ రామ్ మాకన్నా పదేళ్ళ పైన పెద్ద, జుట్టంతా నెరిసింది. కార్నెల్లో పర్యావరణ విషాల మీద డాక్టరేట్ చేసి వచ్చి, నర్మదా బచావో ఆందోళనలో పనిచేసిన మనిషి. అక్కడి జానపదాన్నే 'మా రేవా' పాటగా తెచ్చారు. రేవా అంటే నర్మదే. మా ఒంగోలు వాడు "సినిమా పాట ఒక్కటీ పాడరా?" అని గట్టిగానే అడిగాడు. కాసేపటికి 'బ్లాక్ ఫ్రైడే' సినిమాలో పాట వచ్చింది, వాడు శాంతించాడు.

'కందీసా' మొదలవగానే ఆ మైదానం మారిపోయింది. అది కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రాచీన ప్రార్థన, భాష అరమాయిక్. అక్కడున్న వేలమందిలో ఒక్కరికీ అర్థం తెలిసి ఉండదు. అయినా అందరి నోటా అదే. మేం నలుగురం కూడా నోరు తెరిచాం. అర్థం తెలియని పాట పాడటంలో ఎంత హాయి ఉందో నాకు అప్పుడే తెలిసింది.

మధ్యలో అమ్మాయి నా చెవిలో ఒక మాట చెప్పింది. ఈ బృందానికి గొంతూ తబలా రెండూ అసీమ్ చక్రవర్తి అనే ఆయనేనట. వాయిస్తూనే పాడేవాడు. 2009 డిసెంబరు 25న గుండె ఆగి పోయాడు. ఆయన గొంతుతో అప్పటికే రికార్డు చేసిన ఏడు పాటల్ని మరుసటి ఏడాది నుంచి నెలకొకటి చొప్పున ఇంటర్నెట్లో ఉచితంగా ఇచ్చేశారు. ఆ ఆల్బం పేరు '16/330 ఖజూర్ రోడ్', వాళ్ళు సాధన చేసుకున్న ఇంటి చిరునామా. ఆయన జాగాలోకి ఇద్దర్ని తీసుకున్నారు, పాటకి హిమాంశు జోషి, తబలాకి తుహీన్ చక్రవర్తి. "ఒక్క మనిషికి ఇద్దరు పట్టారు బాబాయ్" అంది. నేను వేదిక మీదికి చూశాను. పాత పాటే పాడుతున్నారు. అసీమ్‌లా పాడాలని ఎవరూ ప్రయత్నిస్తున్నట్టు లేదు.

కచేరీ అయ్యాక ఇంటికి పోబుద్ధి కాలేదు. తెల్లవారుజామున టిఫిన్ పెట్టే బండి ఒకటి ఉందని అమ్మాయి నాంపల్లి వైపు తీసుకెళ్ళింది. వెన్న దోసెలు తింటూ ఉంటే ఉన్నట్టుండి అడిగింది. "నాన్న స్కూల్లో నిజంగా వాయించేవాడా? ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. నేను డ్రమ్స్ నేర్చుకుంటానంటే వద్దనలేదు, నేర్చుకోమనీ అనలేదు. మొదటి ఫీజు మాత్రం ఆయనే వెళ్ళి కట్టి వచ్చాడు."

వార్షికోత్సవం సంగతి ఆ పిల్లకి తెలియదు. కిటికీ ఊచల సంగతి తెలియదు. రెండున్నరేళ్ళుగా ఒకరితో ఒకరం వాడి ఊసు ఎత్తని మేం నలుగురం ఒకేసారి మొదలుపెట్టాం. ఒకడి మాటకి ఒకడు అడ్డం. దోసెలు చల్లారిపోయాయి. బండి ఆయన రెండుసార్లు ప్లేట్లు తియ్యనా అని అడిగాడు. కిందటి కనుమకి తెనాలిలో కలిశాం, మళ్ళీ ఐదుగురం. ఆ పిల్ల కూడా వచ్చింది.

అసలు విషయం ఇంకొకటుంది. ఆ రోజు బండి దగ్గర, "నాన్న బల్ల మీద వాయించింది ఎలా ఉండేదో చూపించండి" అని ఫోన్ రికార్డింగు పెట్టింది. స్టీలు బల్ల మీద నలుగురం నాలుగు రకాలుగా వాయించాం. నాది ఏడు దెబ్బలు, తెనాలి వాడిది ఎనిమిది. ఒంగోలు వాడు మధ్యలో జామెట్రీ బాక్సు చప్పుడు ఉండేదంటాడు. ఏది అసలైనదో ఈ రోజుకీ తేలలేదు. ఆ నాలుగు రికార్డింగులూ నా ఫోన్లో ఉన్నాయి. అమ్మాయి కూడా వచ్చింది, అదిగో, వెనక స్తంభం పక్కన కూర్చుంది. భోజనాల దగ్గర లెక్కల మాస్టారికి వినిపిస్తాం. వాడి వాయింపుని అందరికన్నా దగ్గరగా, అందరికన్నా కోపంగా విన్నది ఆయనే. తీర్పు ఆయనే చెప్పాలి.