ఒక చిప్స్ ప్యాకెట్, ఒక గుహ, ఒక సైన్స్ క్లాస్

ఈరోజు ఎపిసోడ్‌ని ఒక చిప్స్ ప్యాకెట్‌తో మొదలుపెడదాం.

అమెరికాలో న్యూ మెక్సికో అనే రాష్ట్రం ఉంది. అక్కడ కార్ల్స్‌బాడ్ కావర్న్స్ అని ఒక నేషనల్ పార్క్. 2024లో ఎవరో టూరిస్ట్ ఆ గుహలో ఒక చీటోస్ ప్యాకెట్ పడేసి వెళ్లిపోయారు. "ప్యాకెటే కదా, ఎవరో ఒకరు తీస్తార్లే" అనుకుంటాం కదా? కానీ గుహలో గాలి తేమగా ఉంటుంది. ఆ తేమకి చిప్స్ మెత్తబడి బూజు పట్టాయి. వాసనకి కీచురాళ్లు, సాలీళ్లు, ఈగలు చేరాయి. బూజు పక్క రాళ్ల మీదకి పాకింది. చివరికి రేంజర్లు కూర్చుని ఒక 20 నిమిషాలు జాగ్రత్తగా శుభ్రం చేయాల్సి వచ్చింది. ఆ గుహలోకి మామూలు నీళ్లు తప్ప ఇంకేమీ తీసుకెళ్లకూడదన్న రూల్ ఉన్నది అందుకే.

పిల్లలకి ఈ ఒక్క కథ చెప్తే చాలు, సగం పాఠం అయిపోయినట్టే. ఎందుకంటే వెంటనే ఒక ప్రశ్న వస్తుంది: అంత చిన్న ప్యాకెట్‌కి అంత గొడవేంటి?

జవాబు సింపుల్. గుహ లోపల ఎండ లేదు. ఎండ లేకపోతే మొక్క లేదు. మొక్క లేకపోతే తిండి లేదు. అక్కడి జీవులు చాలావరకు బయట నుంచి వచ్చే కొంచెం తిండితోనే బతుకుతాయి. అలాంటి చోట చిప్స్ ప్యాకెట్ అంటే ఊరంతటికీ ఒకేసారి పెళ్లి భోజనం పెట్టినట్టు!

మరి మామూలుగా తిండి ఎవరు తెస్తారు? గబ్బిలాలు. గుహ పైనంతా చివావన్ ఎడారి. వేసవి సాయంత్రాల్లో లక్షల గబ్బిలాలు గుహ నోట్లోంచి సుడి తిరుగుతూ బయటికొస్తాయి, రాత్రంతా పురుగుల్ని తింటాయి, తెల్లారేసరికి తిరిగొస్తాయి. వాటి రెట్టే లోపలి చిన్న జీవులకి ఆహారం. అంటే ఎడారిలో పుట్టిన పురుగు గుహలో ఇంకొకరి భోజనం అవుతుంది. ఎడారి, గుహ రెండు వేర్వేరు చాప్టర్లు కావు ఫ్రెండ్స్, ఒకటే కథ. ఇంకో మాట, ఆ గబ్బిలాల్ని చూసేటప్పుడు ఫోన్లు, కెమెరాలు వాడనివ్వరు. రీల్ లేదు, కళ్లతో చూడాల్సిందే!

ఇప్పుడు గుహ ఎలా పుట్టిందో చూద్దాం. సుమారు 26 కోట్ల ఏళ్ల క్రితం అక్కడ సముద్రం ఉండేది. ఇప్పటి ఎడారి కొండలు అప్పటి సముద్రపు రీఫ్! అది సున్నపురాయిగా మారింది. సాధారణంగా ఇలాంటి గుహలు వాన నీటిలో ఉండే బలహీనమైన ఆమ్లం రాయిని కరిగించడం వల్ల ఏర్పడతాయి. ఇక్కడ మాత్రం కింద ఉన్న చమురు నిల్వల నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ పైకి వచ్చింది. అదేనండీ, కుళ్లిన గుడ్డు వాసన వచ్చే గ్యాస్. అది ఆక్సిజన్ ఉన్న నీటితో కలిసి సల్ఫ్యూరిక్ యాసిడ్ అయ్యింది. కొండని లోపల్నుంచి తినేసింది. అలా ఏర్పడిన 'బిగ్ రూమ్' అనే ఒక్క హాలే 8 ఎకరాలకి పైగా ఉంటుంది.

దీనికి సాక్ష్యం? సున్నపురాయి మీద సల్ఫ్యూరిక్ యాసిడ్ పనిచేస్తే జిప్సం వస్తుంది. గుహలో పెద్ద పెద్ద జిప్సం దిమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. మన స్కూల్లో వాడే చాక్‌పీసులు చాలావరకు ఆ జిప్సంతో చేసినవే. టీచర్ చేతిలోనే ఎవిడెన్స్ ఉందన్నమాట!

మీ ఇంట్లో తమ్ముడో చెల్లో ఉంటే ఈ ప్రయోగం చేయించండి. ఒక గ్లాసులో వెనిగర్ గానీ, నిమ్మరసం గానీ పోసి, కోడిగుడ్డు పెంకు వేయండి. బుడగలు వస్తాయి. పెంకులో, సున్నపురాయిలో ఉండేది ప్రధానంగా ఒకటే: కాల్షియం కార్బొనేట్. పక్క గ్లాసులో చాక్‌పీస్ ముక్క వేయండి. బుడగలు రాకపోతే అది జిప్సం అయ్యే అవకాశం ఎక్కువ. "రెండూ తెల్లగానే ఉన్నాయి కదా, ఎందుకు తేడా?" అని వాళ్లనే అడగండి. జవాబు మీరు చెప్పేయకండి, ఆలోచించనివ్వండి.

ఆ పార్క్‌లో పిల్లలకి జూనియర్ రేంజర్ ప్రోగ్రాం ఉంది. చిన్న పుస్తకం ఇస్తారు, చూసి, గమనించి నింపాలి. తర్వాత ప్రమాణం చేయించి బ్యాడ్జ్ ఇస్తారు. నాకు నచ్చింది బ్యాడ్జ్ కాదు, ఆ ప్రమాణం. ఎందుకంటే తెలుసుకోవడం ఒక్కటే సరిపోదు, కాపాడతానని మాట కూడా ఇవ్వాలి.

మనకీ బెలూం, బొర్రా ఉన్నాయి. గుహ పైకప్పు నుంచి వేలాడే ఆ రాళ్లు చుక్క చుక్కగా వేల ఏళ్లు పెరుగుతాయి. మన వేలి జిడ్డు అంటుకున్నా పెరుగుదల దెబ్బతినొచ్చు. గుర్తుగా ఒక ముక్క విరిచామనుకోండి, మన మనవలు పెద్దయ్యేసరికి కూడా అది మళ్లీ రాదు. గోడ మీద గుండె బొమ్మ గీసి, రెండు పేర్లు రాస్తే ప్రేమ ఎన్నాళ్లుంటుందో గానీ, ఆ గీత మాత్రం మనకంటే ఎక్కువ కాలం ఉంటుంది.

కాబట్టి ఈసారి గుహకి పిల్లల్ని తీసుకెళ్తే, "ఇది ఏనుగులా ఉంది, అది శివలింగంలా ఉంది" దగ్గర ఆగిపోకండి. "ఇది ఎలా వచ్చింది? ఈ నీటి చుక్క ఎక్కడ్నుంచి వచ్చింది?" అని ఒక్క ప్రశ్న అడగండి. చిప్స్ ప్యాకెట్ మాత్రం బయటే ఉంచేయండి, సరేనా?

మీ ప్రయోగంలో చాక్‌పీస్‌కి బుడగలు వచ్చాయో లేదో కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం. బై!