సోఫా పక్కన పాత బల్ల
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నీకు బాగా తెలిసిన విషయం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు సంఘం వారు. నాకు తెలిసింది వంతెనలు. భోజనాల ముందు వంతెనల గురించి ఎవరు వింటారు? అందుకని చిన్న బల్లల గురించి చెబుతాను. హాల్లో సోఫా పక్కన పెట్టుకునేవి, అందులోనూ పాతవి. మా వయసు వాళ్లకి ఇది అవసరమైన సంగతే. అమ్మానాన్నల ఇళ్లు ఖాళీ చేస్తున్న తరం మాది. ఇల్లు బిల్డరుకి ఇస్తాం, సామాను తూకానికి అమ్మేస్తాం, ఫ్లాట్‌లోకి మారాక ‘యాంటిక్ ఫినిష్’ అని చీటీ అంటించిన బల్లని బోలెడు డబ్బు పోసి కొంటాం.

యాంటిక్ అనాలంటే మామూలుగా నూరేళ్లు నిండాలి. అంతకంటే చిన్నవాటిని వింటేజ్ అంటారు. ఆ లెక్కన ఇంకొన్నాళ్లకి మనమంతా వింటేజే. మన ఇళ్లలో దీని పేరు టీపాయి. చాలామంది టీ కప్పులు పెడతాం కనక ఆ పేరు వచ్చిందనుకుంటారు. కాదు. హిందీలో ‘తిపాయీ’ అంటే మూడు కాళ్లది. అంటే మన ముక్కాలిపీటకి చుట్టమే.

మూడు కాళ్లే ఎందుకు? మా లెక్కల మాస్టారు చెప్పిందే. ఒకే గీత మీద లేని మూడు బిందువులు ఒక తలాన్ని నిర్ణయిస్తాయి. పాత ఇళ్లలో నాపరాయి పరిచిన నేల ఎగుడుదిగుడుగా ఉండేది. నాలుగు కాళ్ల బల్లకి ఒక కాలు కింద కాగితం మడిచి పెట్టాలి. మూడు కాళ్లది ఎక్కడ పెట్టినా కదలదు.

కదలదు గానీ, పడిపోతుంది. ఈ తేడా చాలామందికి తట్టదు. పద్దెనిమిది అంగుళాల గుండ్రటి బల్ల, కాళ్లు సరిగ్గా అంచు కింద నేలకి ఆనుతున్నాయనుకోండి. పక్కపక్కనున్న రెండు కాళ్లని కలిపే గీత మధ్యనుంచి నాలుగున్నర అంగుళాల దూరంలో ఉంటుంది. ఆ రెండు కాళ్ల నడుమ అంచు ఆ గీతకి ఇంకో నాలుగున్నర అంగుళాలు బయట ఉంటుంది. అంటే ఆ అంచు మీద బల్ల బరువుకి మించి ఏమాత్రం నొక్కినా అది ఒరిగిపోతుంది. బల్ల బరువు ఆరు కిలోలైతే ఏడు కిలోల ఒత్తిడి చాలు. కుర్చీలోంచి లేస్తూ మనిషి చేత్తో నొక్కే బరువు అంతకంటే చాలా ఎక్కువ.

ఈ లెక్క నేను కాగితం మీద సరదాకి వేసింది కాదు. నాన్నగారు పోయాక అమ్మ మా దగ్గరికి వచ్చింది. ఆయన రేడియో, కళ్లజోడు పెట్టుకునే మూడు కాళ్ల టేకు బల్లని పాత సామాను అతను తూకం ధరకి అడిగాడు. అక్కా నేనూ ఇవ్వలేదు. అమ్మ దాన్ని తన కుర్చీ పక్కనే పెట్టమంది. ఎనభై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు. లేచేటప్పుడు చెయ్యి ఎక్కడ ఆనుస్తుందో రెండు రోజులు చూశాను. ప్రతిసారీ బల్ల అంచు మీదే. నాన్నగారి బల్లని ఆమెకి కనిపించేలా ఎదురుగా గోడవారకి జరిపి, పక్కకి వేరే పాత బల్ల వెతకడం మొదలుపెట్టాను. చదరంగా ఉండాలి, నాలుగు మూలలా నాలుగు కాళ్లుండాలి. అలాంటిదాన్ని పైనుంచి నిలువుగా ఎక్కడ నొక్కినా ఒరగదు. అమ్మ రెండు వారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పటికీ రాత్రి పడుకునే ముందు కళ్లజోడు తీసుకెళ్లి నాన్నగారి బల్ల మీదే పెడుతుంది.

ఆ వెతుకులాటలో హైదరాబాదు జుమ్మేరాత్ బజార్ దగ్గర్నుంచి కారైకుడి పాత సామాను దుకాణాల దాకా తిరిగాను. నేర్చుకున్నది ఒకటే, బల్లని పైనుంచి చూడకూడదు. తిరగెయ్యాలి. తిరగెయ్యనివ్వని దుకాణంలో కొనొద్దు. పైభాగానికి ఎవరైనా మెరుగు పెడతారు, అడుగుభాగం జోలికి పోరు. అక్కడ రంపం గీతలు తిన్నగా, కాస్త ఎగుడుదిగుడుగా ఉంటే చేతి రంపం పని కావచ్చు. విల్లులా వంగి ఉంటే చక్రం రంపానివి. ప్లస్ గుర్తు స్క్రూలు 1930ల తర్వాత వాడుకలోకి వచ్చినవి. తెల్లదొరల కాలం నాటిదంటూ చూపించిన బల్లకి అవి కనిపిస్తే, తర్వాత మరమ్మతు జరిగి ఉండాలి, లేదా ఆ కథ అబద్ధం.

గుండ్రటి బల్ల అయితే టేపు తియ్యండి. చెక్క ఆరేకొద్దీ చారలకి అడ్డంగా కుంచించుకుంటుంది, చారల వెంట దాదాపు కుంచించుకోదు. అందుకే నిజంగా పాత బల్ల పూర్తి గుండ్రంగా మిగలదు. అడ్డంగా కొలిస్తే ఒక నూలో రెండు నూళ్లో తగ్గుతుంది. పుచ్చు కన్నాలుంటే బెంగపడక్కర్లేదు. కింద కాగితం పరిచి బల్లని గట్టిగా తట్టండి. మెత్తటి తెల్ల పొడి రాలితే పురుగు ఇంకా లోపలే ఉండవచ్చు, అప్పుడు వదిలెయ్యండి.

‘అసలైన బర్మా టేకు సార్’ అనని దుకాణదారు నాకు తగల్లేదు. రంగూన్ని ‘రంగం’ అని పిలుచుకున్న వాళ్లం. మన కోరంగి రేవు పేరుతోనే అక్కడ తెలుగువాళ్లని కొరంగీలు అనేవారు. కాబట్టి మన వైపు ఇళ్లలో బర్మా కలప ఉంటే వింత లేదు. అయినా ఆ మాట మీద నేను రూపాయి ఎక్కువ ఇవ్వను. అతుకులు బిగువుగా ఉన్నాయా, కాళ్లు ఊగుతున్నాయా, అంతే చూస్తాను.

పాత మెరుగు చాలావరకు లక్కని స్పిరిట్‌లో కరిగించి పూసింది. అడుగున కనపడని చోట దూదితో కాస్త స్పిరిట్ రుద్దితే జిగురుగా మెత్తబడుతుంది. ఇప్పటి పీయూ పాలిష్‌కి ఏమీ కాదు. లక్క మెరుగు మీద వేడి గ్లాసు పెడితే తెల్లటి వలయం పడుతుంది, కింద ఏదైనా వేసుకోండి. అంతేగానీ ఇసుక కాగితంతో మొత్తం గీకించి కొత్తగా మెరిపించకండి. అలా చేయించాక అది పాత బల్లో కొత్త బల్లో ఎవరూ చెప్పలేరు.

ఎత్తు సంగతి. బల్ల పైభాగం సోఫా చేతికి సమానంగా, లేదా ఒకటి రెండు అంగుళాలు కిందుగా ఉండాలి. ఇంటి దగ్గర సోఫా కొలిచి, ఆ అంకె జేబులో పెట్టుకుని బయల్దేరండి. పొట్టిగా ఉందని పాత బల్లకి కాళ్లు అతికించడం, పొడుగని కోయించడం రెండూ నాకు నచ్చవు. వేరేది వెతకండి, దొరుకుతుంది. మా అమ్మ బల్లకి నాలుగు నెలలు పట్టింది.

విదేశాల నుంచి వచ్చిన మిత్రులకి ఒక మాట. తాతగారి బల్లని పట్టుకెళ్దామనుకుంటే ముందు దాని వయసు తేల్చుకోండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళాత్మక వస్తువుల్ని వ్యక్తులు దేశం దాటించకూడదు. అనుమానం ఉంటే అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. రోజ్‌వుడ్ అయితే ఇంకో చిక్కు. 2017 నుంచి ఆ జాతి కలప మొత్తం అంతర్జాతీయ నియంత్రణలో ఉంది, బరువైన సామానుకి పర్మిట్ అడుగుతారు. ప్యాకర్లని పిలవకముందే ఇవన్నీ కనుక్కోండి.

పది నిమిషాలు దాటినట్టుంది, మా లెక్కల మాస్టారు గడియారం చూస్తున్నారు. టేపు నా జేబులోనే ఉంది. ఇంట్లో బల్ల ఫొటోలున్న వాళ్లు భోజనాల దగ్గర చూపించండి, అడుగుభాగం ఫొటో ఉంటే మరీ మంచిది.